వనౌషధి నామాలు – నూతన ఔషధాలు: ప్రాచ్య విద్యాలయాల కర్తవ్యం

అమరకోశ ద్వితీయకాండంలో నాలుగవది వనౌషధివర్గం. ప్రాచ్య కళాశాలల్లో చదువుకున్న మా తరం వారిలో ఆ వర్గాన్ని కంఠస్థం చేయనివారు అరుదు. వందలాది మొక్కల పేర్లను నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పగలిగేవాళ్ళం. ఆ మొక్కల్లో ఎన్నింటిని కళ్ళారా చూశారన్న ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. మాకు మేమూ వేసుకోలేదు.

ఆ ప్రశ్న చివరకు ఒక విద్యార్థి నుంచి వచ్చింది. తరగతిలో రాస్నా పర్యాయాలు చెబుతూ ఉండగా, వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు లేచి, “గురువుగారూ, ఈ మొక్క మా వైపు ఉంటుందాండీ? ఉంటే మేము దాన్ని ఏమని పిలుస్తామండీ?” అని అడిగాడు. నాకు తోచిన సమాధానం “అది ఒక ఓషధి విశేషం నాయనా” అన్నది. చెప్పిన క్షణంలోనే సిగ్గు కలిగింది. మన నిఘంటువులు చాలావరకు చేసే పని ఇదే. తెలియని చెట్టయితే “వృక్షవిశేషము”, తెలియని తీగ అయితే “లతావిశేషము”. విశేషం ఏమిటో మాత్రం ఉండదు. ఆనాడు ఆ విద్యార్థికి సరియైన జవాబు చెప్పాలని మొదలుపెట్టిన వెదుకులాట నన్ను వైద్య నిఘంటువుల దగ్గరకూ, అక్కడి నుంచి నేను ఎన్నడూ ఊహించని ఆధునిక ఔషధ పరిశోధన దగ్గరకూ తీసుకొని వెళ్ళింది. ఆ వెదుకులాటలో ఏర్పడిన ఒక అభిప్రాయాన్ని విద్వల్లోకం ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. మొక్కల నుంచి కొత్త మందులు కనుగొనే పనిలో రసాయనశాస్త్రజ్ఞుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, వైద్యుడు ఎంత అవసరమో, పాఠాన్ని సరిగా చదవగలిగిన భాషాపండితుడు కూడా అంతే అవసరం. ఆ స్థానం ఈనాడు దాదాపు ఖాళీగా ఉంది. అందులో దోషం ఎక్కువ భాగం మనదే.

మొక్కల నుంచి మందులు అనగానే పాతకాలపు మాట అని కొందరూ, సర్వం మన శాస్త్రాల్లోనే ఉన్నదని మరికొందరూ అనడం పరిపాటి. వాస్తవం ఈ రెండింటికీ దూరంగా ఉంది. 1985లో నార్మన్ ఫార్న్‌స్వర్త్ మొదలైన పరిశోధకులు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించిన గణనలో, సుమారు 90 జాతుల మొక్కల నుంచి వచ్చిన 119 రసాయనాలు ఆధునిక వైద్యంలో మందులుగా వాడుకలో ఉన్నట్లు తేలింది. వాటిలో నూటికి 74 వంతులు ఆయా మొక్కల సంప్రదాయ వినియోగాన్ని ఆధారం చేసుకొని జరిపిన పరిశోధన వల్ల లభించినవే. అంటే మొక్కల మందుల విషయంలో ప్రయోగశాలకు దారి చూపినది చాలాసార్లు జనశ్రుతి, లేదా గ్రంథం. జనశ్రుతి మాట ముందు ముందు ప్రస్తావిస్తాను. ముందుగా గ్రంథం సంగతి.

గ్రంథపఠనం ఒక మందుకు జన్మనిచ్చిన తీరుకు ఇటీవలి కాలంలో చైనా ఉదాహరణను మించినది లేదు. 1967లో ఆ దేశ ప్రభుత్వం మలేరియాకు కొత్త మందు కనుగొనడానికి ఒక రహస్య పథకాన్ని ఆరంభించింది. 1969లో తూ యూయూ అనే పరిశోధకురాలు అందులో చేరింది. ఆమె బృందం రెండువేలకు పైగా పాత యోగాలను పరిశీలించి, వాటిలో 640 యోగాలను ఎన్నుకొని, సుమారు 200 మూలికల నుంచి 380కి పైగా సారాలను తీసి ఎలుకల మీద పరీక్షించింది. చింగ్‌హావ్ అనే మొక్క సారం ఒకసారి బాగా పనిచేసింది. మరల పరీక్షిస్తే పనిచేయలేదు. ఆమె తిరిగి పుస్తకాల దగ్గరకు వెళ్ళింది. నాలుగవ శతాబ్దికి చెందిన గె హోంగ్ రచించిన అత్యవసర చికిత్సల గ్రంథంలో ఆ మొక్క ప్రయోగం ఉంది. తక్కిన మూలికల వలె దాన్ని నీళ్ళలో కాచి కషాయం తీయమని ఆయన చెప్పలేదు. పిడికెడు ఆకును నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసాన్ని త్రాగమన్నాడు. కాచడం అన్న మాట లేకపోవడమే ఆమెకు తట్టిన విషయం. వేడి వల్ల మందు నశిస్తున్నదేమోనని అనుమానించి, కొద్దిపాటి వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో ఆ సారం ఎలుకల్లో, కోతుల్లో మలేరియా క్రిములను పూర్తిగా నిర్మూలించింది. మరుసటి సంవత్సరం ఆర్టెమిసినిన్ స్ఫటికాలు వేరుచేయబడ్డాయి. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ కథను మన పత్రికలు బహుమతి వచ్చిన సంవత్సరంలో విస్తారంగా ప్రకటించాయి. మన బోటివారు గమనించవలసిన అంశం మాత్రం అంతగా చర్చకు రాలేదు. అక్కడ పనిచేసినది ఒక క్రియాపదం. క్వాథానికీ, స్వరసానికీ, హిమానికీ, ఫాంటానికీ ఉన్న భేదం మన వైద్యగ్రంథాల్లోనూ స్పష్టంగా ఉన్నదే. ఒక లేఖకుడు అలవాటు కొద్దీ ఆ చోట “కాచి” అని వ్రాసి ఉంటే, తర్వాతి పరిష్కర్త దానిని ప్రమాణపాఠంగా స్వీకరించి ఉంటే, ఏమి జరిగేదో ఊహించుకోవచ్చు. పాఠాంతర నిర్ణయం అంటే పండితుల కాలక్షేపం అనుకునేవారికి ఇంతకన్నా సమాధానం అక్కరలేదు.

అంతటితో ముగియలేదు. చింగ్‌హావ్ అన్న పేరు ఏ మొక్కది అన్న చిక్కు కూడా వారికి ఎదురైంది. ఆర్టెమీసియా జాతిలో రూపంలో పోలిక ఉన్న మొక్కలు కొన్ని ఉన్నాయి. పదహారవ శతాబ్దిలో లీ షిచెన్ తన బృహద్గ్రంథంలో రెండు పేర్లతో రెండు మొక్కలను వేరుచేసి చెప్పాడు. ఆర్టెమిసినిన్ ఉన్నది ఆర్టెమీసియా ఆన్యువా అనే ఒక్క దానిలోనే; పేరును బట్టి చింగ్‌హావ్‌గా చెలామణి అయిన మరొక మొక్కలో అది లేదు. పేరు ఒకటి, మొక్క వేరొకటి అయితే ఎన్ని సంవత్సరాల శ్రమ అయినా వ్యర్థమే.

శ్రమ వ్యర్థం కావడం చిన్న నష్టం. 1990 తర్వాతి రెండు మూడు సంవత్సరాల్లో బెల్జియం దేశంలో బ్రసెల్స్ నగరంలో ఒక చికిత్సాలయంలో స్థూలకాయం తగ్గడానికి ఇచ్చిన గుళికల్లో చైనా మూలికలు కలిపారు. వాడవలసినది హాన్ ఫాంగ్‌జీ అనే మొక్క. దాని వృక్షశాస్త్ర నామం స్టెఫానియా టెట్రాండ్రా. గుళికల్లోకి చేరినది గువాంగ్ ఫాంగ్‌జీ. అది అరిస్టొలోకియా జాతిది. వ్యాపారంలో రెండూ ఫాంగ్‌జీలే. ఫలితంగా నూరుమందికి పైగా, అందులో ఎక్కువమంది స్త్రీలు, మూత్రపిండాలు చెడి బాధపడ్డారు. కొందరికి తర్వాత మూత్రమార్గంలో క్యాన్సరు కూడా కనిపించింది. 1993లో ఆ సంగతి వైద్య పత్రికల్లో వెలువడిన తర్వాతనే లోకానికి తెలిసింది. ఒక పర్యాయపదం ఇంత పని చేయగలదు. ఇదంతా పరదేశపు విషయమని తోసివేయనక్కరలేదు. తెలుగుదేశంలో ఈశ్వరి వేరుగా, గాడిదగడపాకుగా మనకు తెలిసినవి ఆ అరిస్టొలోకియా జాతివే.

ఇక మన ఇంటి సంగతి. సందిగ్ధ ద్రవ్యాలు అని వైద్యులు వ్యవహరించే మొక్కల జాబితా చిన్నది కాదు. గుజరాతుకు చెందిన బాపాలాల్ వైద్య ఈ సమస్య మీదనే ఒక గ్రంథం రచించారు. కాశీలో ప్రియవ్రత శర్మ ధన్వంతరి నిఘంటువును పరిష్కరించి, ద్రవ్యగుణశాస్త్రంలో ఎన్నో నామాలను నిర్ణయించడానికి జీవితం వెచ్చించారు. అయినా తేలనివి తేలనివిగానే ఉన్నాయి. బ్రాహ్మి అంటే ఒక ప్రాంతంలో నీటి ఒడ్డున పెరిగే బకోపా. మరొక ప్రాంతంలో మనం సరస్వతి ఆకు అనే సెంటెల్లా. శంఖపుష్పి అంటే కొందరికి కన్వాల్వులస్, కొందరికి మన విష్ణుక్రాంత, దక్షిణాదిలో కొన్నిచోట్ల నీలిపూల దింటెన. పునర్నవ పేరుతో అటికమామిడీ, గలిజేరూ రెండూ అమ్ముడవుతాయి. కిరాతతిక్తం హిమాలయాల మొక్క. దాని స్థానంలో మనవారు నేలవేము వాడతారు. భూనింబ శబ్దం ఆ రెండింటి మధ్య ఊగిసలాడుతూ ఉంటుంది.

మా విద్యార్థి అడిగిన రాస్నాయే తీసుకుందాం. ఉత్తరాదిన అది ప్లూకియా లాన్సియోలేటా. వంగదేశంలో చెట్ల కొమ్మల మీద పెరిగే వాండా. దక్షిణాదిన అల్లం కుటుంబానికి చెందిన ఆల్పీనియా గలంగా. మూలికల అంగడిలో అడిగితే దుంపరాష్ట్రం అని ఇచ్చేది అదే. ఈ రాష్ట్ర శబ్దం రాస్నాకే తెలుగు నోట వచ్చిన రూపం అనిపిస్తుంది. మూడు కుటుంబాలు, మూడు రకాల రసాయనాలు, ఒకే పేరు. అమరసింహుడు నాకులి, గంధనాకులి, భుజంగాక్షి మొదలైన పేర్లను రాస్నాతో కలిపి చెప్పాడు. భావప్రకాశకారుడు నాకులిని రాస్నా నుంచి వేరుచేశాడు. ఇద్దరిలో ఒకరు పొరబడ్డారనడం సులభం. కానీ పదహారవ శతాబ్ది వైద్యుడు తన కాలపు వాడుకను చెప్పాడనీ, అమరుడు తనకు పూర్వమున్న కోశాల పాఠాన్ని సంగ్రహించాడనీ గ్రహిస్తే, ఆ భేదమే ఒక చారిత్రక సాక్ష్యం అవుతుంది. ఈ పని చేయవలసినది రసాయనశాస్త్రజ్ఞుడు కాదు గదా!

నాకులీ శబ్దం సర్పగంధ దగ్గరకు తీసుకొని వెళ్తుంది. నేటి వృక్షశాస్త్రంలో అది రౌవుల్ఫియా సర్పెంటీనా. 1931లో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ దీని వేరు నుంచి క్షారాభాలను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ గౌరవార్థం అజ్మలిన్ అని పేరు పెట్టారు. అదే సంవత్సరం గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీని వల్ల రక్తపోటు తగ్గుతుందనీ, ఉన్మాదం శమిస్తుందనీ ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ వ్యాసం బ్రిటిష్ హృద్రోగ పత్రికలో వచ్చిన తర్వాత గాని పాశ్చాత్యులు దీనిని పట్టించుకోలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు రెసర్పిన్‌ను వేరుచేశారు. రక్తపోటుకూ, మనోవ్యాధులకూ ఆధునిక చికిత్సలో అది ఒక మలుపు. కొన్ని దశాబ్దాలకు మొక్కే అరుదై, 1990లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేరింది.

ఇక్కడ ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. సుశ్రుతుడు సర్పగంధను చెప్పిన సందర్భం విషచికిత్స. ఉన్మాదానికి దీని వాడుక బీహారు మొదలైన ప్రాంతాల జనవైద్యంలో బలంగా ఉండేది. అక్కడి వారు దీన్ని పిచ్చిమందు అనే పిలిచేవారు. అంటే ఈ మందుకు దారి చూపినది ప్రధానంగా గ్రంథం కాదు, జనం. అన్నింటికీ గ్రంథమే మూలమని చెప్పే అలవాటును మనం మానుకోవాలి. చరకసంహిత మొదటి అధ్యాయమే ఈ విషయంలో మనకన్నా వినయంగా ఉంది. ఓషధుల నామరూపాలు మేకల కాపరులకూ, గొర్రెల కాపరులకూ, గోపాలకులకూ, ఇతర వనవాసులకూ తెలుసుననీ, అయితే వాటి ప్రయోగం తెలిసినవాడే తత్త్వవేత్త అనీ అక్కడ చెప్పబడింది. తెలుగులో సర్పగంధ పేర్లను చూస్తే చిక్కు మరింత తెలుస్తుంది. పాతాళగంధి అని ఒక పేరు. పాతాళగరుడి అని మరొక పేరు కొన్ని జాబితాల్లో కనిపిస్తుంది. సంస్కృతంలోనూ, హిందీలోనూ పాతాళగరుడి అంటే మనం దూసరితీగ అనే వేరొక మొక్క. హిందీ పుస్తకం చదివి తెలుగు అంగడిలో మూలిక కొన్నవాడి గతి ఏమిటో!

గ్రంథం చదివి మందు దగ్గరకు నడిచినవారు మన దేశంలో లేకపోలేదు. గుగ్గులు అందుకు ప్రసిద్ధ ఉదాహరణ. సుశ్రుత సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో స్థౌల్యానికి కారణాలు, చికిత్స వర్ణించిన భాగాన్ని జి. వి. సత్యవతి శ్రద్ధగా చదివారు. మేదస్సు పెరిగి స్రోతస్సులను అడ్డగించడం అన్న వర్ణన, రక్తంలో కొవ్వు పెరిగి ధమనులు మూసుకొనిపోవడాన్ని పోలి ఉన్నదని గ్రహించి, కుందేళ్ళ మీద గుగ్గులును పరీక్షించి, 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం సమర్పించారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఆ దారిలో పనిచేసి, 1980ల చివరకు ఒక మందును విపణిలోకి తెచ్చింది. ఆమె తర్వాత భారతీయ వైద్య పరిశోధన మండలికి మహానిర్దేశకులు కూడా అయ్యారు. కథ ఇక్కడే ఆపితే మన సభల్లో చప్పట్లు మ్రోగుతాయి. 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారాలు జరిపిన పరీక్షలో, గుగ్గులు సారం తీసుకున్నవారిలో చెడ్డ కొలెస్టరాలు తగ్గకపోగా కొంచెం పెరిగింది. కొందరికి చర్మం మీద దద్దుర్లు వచ్చాయి. ఆహారభేదమా, మోతాదా, శోధన చేయని గుగ్గులు వాడడమా అన్న చర్చ జరిగింది. ఏదైనప్పటికీ ఒకటి స్పష్టం. గ్రంథం ప్రశ్నను ఇస్తుంది. జవాబును పరీక్షయే ఇవ్వాలి. సుశ్రుతుడు చెప్పాడు కనుక పనిచేస్తుంది అనేది వాదం కాదు. ఈ మధ్యలో గుగ్గులు చెట్టు మాత్రం, బంక కోసం గాట్లు పెట్టీ పెట్టీ, అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కింది.

గ్రంథాల వల్ల మరొక ప్రయోజనం కూడా ఉన్నదని 1990లలో తెలిసింది. పసుపుతో గాయాలు మాన్పే విధానానికి 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం అమెరికాలో పేటెంటు పొందింది. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, సంస్కృత గ్రంథాలతో సహా 32 ఆధారాలు చూపి ఎదుర్కొనగా 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆ అనుభవం నుంచే 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆరంభమైంది. వైద్యయోగాలను ఐదు అంతర్జాతీయ భాషల్లోకి మార్చి పేటెంటు పరీక్షకులకు అందుబాటులో ఉంచారు. మంచి పని. అయితే అది కాపలా పని. దొంగ రాకుండా తలుపు వేయడం వేరు, ఇంట్లో ఏమున్నదో లెక్క చూసుకోవడం వేరు. పేటెంటును కొట్టివేయడానికి “హరిద్ర వ్రణానికి మంచిది” అన్న ఒక్క వాక్యం చాలు. కొత్త మందు కోసమైతే ఏ అంగం, ఏ ఋతువులో తీసినది, పచ్చిదా ఎండినదా, ఎలా శోధించినది, ఏ అనుపానం, ఏ రోగావస్థ అన్నవన్నీ కావాలి. అవి సంగ్రహాల్లో దొరకవు. వ్యాఖ్యానాల్లో, పాఠాంతరాల్లో, ప్రాంతీయ గ్రంథాల్లో ఉన్నాయి.

ఈ చోట తెలుగువారి వద్ద ఉన్న సంపద గురించి కొంచెం విస్తరించి చెప్పవలసి ఉంది. అమరకోశానికి లింగయసూరి రచించిన అమరపదవివృతి ఆంధ్రదేశంలో పుట్టిన వ్యాఖ్య. అందులో సంస్కృత పదాలకు తెలుగు అర్థాలు ఇవ్వబడ్డాయి. 1971లో అడయారు గ్రంథాలయం దానిని మల్లినాథుని అమరపదపారిజాతంతో కలిపి ప్రకటించింది. వనౌషధివర్గంలోని ఆ తెలుగు పేర్లు శతాబ్దాల నాటి వాడుకకు సాక్ష్యాలు. వాటిని నేటి మాండలిక నామాలతో, వృక్షశాస్త్రజ్ఞుల ఎండు నమూనాలతో సరిచూసే పని సమగ్రంగా జరిగిన దాఖలా నా దృష్టికి రాలేదు. గురుబాలప్రబోధిక మన పూర్వులు నిత్యం చేతిలో ఉంచుకున్న పుస్తకం. దాని తెలుగు పేర్లదీ అదే గతి. బసవరాజీయం సంస్కృతాంధ్రాలు కలిసిన వైద్యగ్రంథం. ఔషధ చట్టం మొదటి అనుబంధంలో ప్రామాణిక గ్రంథంగా దాని పేరు చేరింది. అంటే అందులోని యోగాన్ని ఆధారంగా చూపి మందు తయారుచేయడానికి అనుమతి పొందవచ్చు. చట్టం గుర్తించిన ఆ గ్రంథానికి వ్రాతప్రతులన్నింటినీ సంప్రదించి పాఠాంతరాలతో పరిష్కరించిన ప్రతి మన కళాశాలల నుంచి వెలువడవలసి ఉండగా, మనం మాత్రం ప్రబంధాల్లో వర్ణనల మీద నూరవ సిద్ధాంతవ్యాసం వ్రాయిస్తున్నాం. ప్రబంధాల మీద నాకు చిన్నచూపు లేదు. నా సిద్ధాంతవ్యాసమూ వాటి మీదిదే.

తిప్పతీగ పేర్లను చూస్తే, పర్యాయాలు కేవలం ఛందస్సు నింపడానికి చెప్పినవి కావని తెలుస్తుంది. ఛిన్నరుహ అంటే కోసినా మొలిచేది. తెగిన తీగ నుంచి వ్రేళ్ళు దిగి మరల బ్రతకడం ఎవరైనా చూడవచ్చు. వత్సాదని అంటే దూడలు తినేది. మధుపర్ణి, తంత్రిక అన్నవాటిని కూడా తీగను చేతిలో పట్టుకొని విచారించవలసినదే. కానీ అమృత అన్న పేరు వచ్చేసరికి జాగ్రత్త కావాలి. అమరకోశంలోనే ఆ పదం గుడూచికీ, హరీతకికీ, ఆమలకికీ ముగ్గురికీ ఉంది. యోగంలో అమృత అని మాత్రమే ఉంటే ఏది గ్రహించాలో ప్రకరణం, వ్యాఖ్యానం చెప్పాలి. 2021లో తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబయి వైద్యులు ప్రకటించారు. అది తిప్పతీగ కాకపోవచ్చు, దానిని పోలిన టైనోస్పోరా క్రిస్పా కావచ్చునని ఆయుష్ మంత్రిత్వశాఖ అన్నది. ఆ తర్వాత ఇతర నగరాల వైద్యులు కూడా అటువంటి ఉదాహరణలు చూపి, మొక్క సరియైనదేనని వాదించారు. ఆ వివాదాన్ని తీర్చే అర్హత నాకు లేదు. ఏ మొక్కను జనం వాడారు అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఇంత తర్జనభర్జన జరిగిందన్నది మాత్రం మన వంటివారు గమనించాలి.

దీనికి రెండు ఆక్షేపణలు నేను తరచుగా వింటూ ఉంటాను. మనం వైద్యులం కాము, ఇది ఆయుర్వేద కళాశాలల పని అన్నది ఒకటి. వారు చేస్తున్నారు, సందేహం లేదు. హైదరాబాదులోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థ సంహితలనూ, నిఘంటువులనూ కంప్యూటరులో వెదకడానికి వీలుగా ప్రకటించింది. ఈ వ్యాసానికి నేనూ వాటిని ఉపయోగించుకున్నాను. కానీ లిపి పరిణామం, లేఖక దోషాలు, తాళపత్రాల్లో అర్ధానుస్వార శకటరేఫల స్థితి, యతిప్రాసల సాయంతో పాఠం నిర్ణయించడం ఇవి వైద్య విద్యార్థికి ఎవరు నేర్పుతారు? తెలుగు పద్యంలో ఉన్న ఒక వైద్యయోగంలో మూలిక పేరు చెడిపోతే, ప్రాసాక్షరం ఒక్కటే దానిని పట్టి ఇవ్వగలదు. ఆ విద్య మనది.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. జన్యు పరీక్షతో ఆకు ముక్కను బట్టి జాతిని చెప్పే సౌకర్యం వచ్చినప్పుడు ఈ పేర్ల గొడవ ఎందుకు అని ఒక మిత్రుడు, వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు, అడిగాడు. జన్యు పరీక్ష చేతిలో ఉన్న మొక్క ఏదో చెబుతుంది. గ్రంథకర్త మనసులో ఉన్న మొక్క ఏదో చెప్పదు. అంగడిలో అమ్మిన రాస్నా ఆల్పీనియా అని తేల్చగలదు. చరకుడి రాస్నా ఆల్పీనియా అవునో కాదో తేల్చలేదు. ఈ మాట చెప్పిన తర్వాత ఆ మిత్రుడే మా విద్యార్థులను ఒక ఆదివారం పొలం గట్ల వెంట తిప్పడానికి అంగీకరించాడు. వనౌషధివర్గాన్ని అంత ఆనందంగా నేను ఎన్నడూ చదవలేదు.

మన అతిశయోక్తులు మనకే అడ్డు తగులుతున్నాయన్న సంగతి కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. బిళ్ళగన్నేరు నుంచి 1958 ప్రాంతంలో కెనడా శాస్త్రజ్ఞులు నోబుల్, బీర్ ఒక క్యాన్సరు మందును వేరుచేశారు. వారు వెదకినది మధుమేహానికి మందు. దొరికినది రక్తకణాలను తగ్గించే పదార్థం. విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ రక్తక్యాన్సరుల చికిత్సను మార్చివేశాయి. ఒక సభలో ఒక వక్త ఈ మొక్కకు సదాపుష్పి అని సంస్కృతనామం ఉన్నది కనుక ఋషులకు ఈ చికిత్స తెలుసునని ఉపన్యసించారు. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపపు మొక్క. మన తోటల్లోకి వచ్చినది విదేశీయుల ఓడల మీద. సంస్కృతనామం ఆ తర్వాత పెట్టినది. నామం ఉన్నంత మాత్రాన ప్రాచీనత సిద్ధించదు, ఆ నామం ఏ కోశంలో, ఏ కాలంలో మొదట కనిపిస్తున్నదో చూపాలి. శాస్త్రజ్ఞులు ఇటువంటి ఉపన్యాసం ఒకటి వింటే చాలు, మనం నిజంగా చెప్పవలసినది ఉన్నప్పుడు కూడా వినరు.

జనశ్రుతిని గురించి చెబుతానన్నాను. కేరళ అగస్త్యమల అడవుల్లో కాణి గిరిజనులు అలసట తెలియకుండా నమిలే ఆరోగ్యపచ్చ కాయలను 1987లో పరిశోధకులకు చూపారు. దాని నుంచి తిరువనంతపురం వద్ద ఉన్న ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ జీవని అనే మందును తయారుచేసి, దాని వల్ల వచ్చిన ధనంలో సగం కాణి జనులకు ఇవ్వడానికి ఏర్పాటు చేసింది. ఆ ఏర్పాటులో లోపాలు లేవని కాదు. ఇవ్వాలన్న తలంపు మొదట కలిగినది అక్కడ. 2002 నాటి జీవవైవిధ్య చట్టంలోనూ లాభాల పంపిణీ అన్న సూత్రం చేరింది. మన విద్యార్థులు నల్లమలలో చెంచుల వద్దకో, మన్యంలో కొండవారి వద్దకో పేర్లు సేకరించడానికి వెళ్ళినప్పుడు, చెప్పినవారి పేరు, ఊరు, వారి అంగీకారం నమోదు చేసుకోకుండా ఒక్క మాట కూడా అచ్చువేయరాదని నా అభిప్రాయం. గ్రంథానికి కర్తను చెప్పే మనం, నోటి మాటకు కర్తను చెప్పకపోవడం న్యాయం కాదు.

పని పెద్దది కనుక చిన్నదానితో మొదలుపెట్టడం మంచిది. అమరపదవివృతి వనౌషధివర్గంలో ఉన్న తెలుగు పేర్లన్నీ ఒక పట్టికగా వ్రాయడం ఒక విద్యార్థి ఒక సంవత్సరంలో చేయగలిగిన పని. మరొకరు గురుబాలప్రబోధిక నుంచి, మరొకరు వస్తుగుణదీపిక నుంచి అదే విధంగా వ్రాయవచ్చు. ఆ మూడు పట్టికలను పక్కపక్కన ఉంచి, దగ్గరలోని ప్రభుత్వ కళాశాల వృక్షశాస్త్ర శాఖతో కూర్చుంటే, ఏవి తేలినవో, ఏవి సందిగ్ధమో ఒక్క మధ్యాహ్నంలో స్పష్టమవుతుంది. మదరాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనూ, తంజావూరు సరస్వతీ మహలులోనూ ఉన్న తెలుగు వైద్య గ్రంథాల ప్రతులను చూడడం ఆ తర్వాతి మాట. మా కళాశాలలో ఈ సంవత్సరం మొదటి పట్టిక ఆరంభించాం. రాస్నా దగ్గర లింగయసూరి ఇచ్చిన తెలుగు పదాన్ని గురించి ఇద్దరు విద్యార్థులకు వాదం జరుగుతున్నది; ఒకడు దుంపరాష్ట్రం అంటాడు, మరొకడు ఒప్పుకోడు. ఇతర కళాశాలల్లో ఈ పని ఎవరైనా చేస్తూ ఉంటే తమ పట్టికలను ఈ పత్రిక ద్వారా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.